తెర వెలగకముందు మోగే గంట

 

సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, "నాకు కథలూ కవితలూ రావండి, తెలిసిందల్లా కంప్యూటర్లు బాగుచేయడమే" అన్నాను. "అయితే దాని చరిత్రే రాయండి, మన బడితో ముడిపెట్టి" అన్నారాయన. ముడి ఎక్కడుందో నాకు వెంటనే తట్టింది. ముప్పై ఎనిమిదేళ్లుగా అది నాలో ఉన్నదే. అందుకే ఈ వ్యాసం మొత్తం ఒక చిన్న వ్యవధి గురించి రాస్తున్నాను. కంప్యూటరు స్విచ్చి వేసినప్పటి నుంచి తెర మీద మొదటి అక్షరం కనిపించేదాకా గడిచే కొద్ది సెకన్లు. ఆ సెకన్లలో యంత్రం ఏం చేస్తుంది, తేడా వస్తే మనకెలా చెబుతుంది, ఆ చెప్పడం అది ఎప్పుడు నేర్చుకుంది అన్నదే విషయం.

గోదావరి పొంగిన ఏడాది

1984-85లో కేంద్ర ప్రభుత్వం బళ్లలో కంప్యూటరు చదువు కోసం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్ అన్నది దాని పూర్తి పేరు. తొలి విడతలో దేశమంతటా సుమారు 250 బళ్లను ఎంచుకున్నారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరానికి చెందిన ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో విడుదల చేసిన బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఆ బళ్లకు వచ్చాయి. తర్వాత మరికొన్ని బళ్లు చేరాయి. అలా మన బడికీ రెండు వచ్చాయి.

మా బ్యాచ్ వాళ్లకు ఆ గది గుర్తుండే ఉంటుంది. చెప్పులు బయట విప్పాలి. కాళ్లు తుడుచుకోవాలి. తలుపు దగ్గర హాజరు. యంత్రానికి ఎర్ర గుడ్డ కప్పి ఉండేది. సైన్సు మాస్టారు ఆ గుడ్డ తీస్తుంటే గుడిలో తెర తీసినట్టు చూసేవాళ్లం. మీటలున్న పెట్టెలోనే కంప్యూటరంతా ఉండేది. 6502 అనే ప్రాసెసరు, 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. ఇవాళ సెల్‌ఫోన్‌లో దిగే ఒక్క ఫొటోకు కూడా ఆ జ్ఞాపకం చాలదు. మాకు మాత్రం అది సముద్రమే.

స్విచ్చి వేయగానే అది రెండు కూతలు కూసేది. ముందు కొంచెం బొంగురుగా "బూ", వెంటనే సన్నగా "బీప్". తర్వాత తెర మీద పేరు, దాని కింద బేసిక్ అనే మాట. ఆ "బూ-బీప్" విన్నాక గదిలో అందరం ఊపిరి వదిలేవాళ్లం.

1986 వానాకాలం. ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది అది, మీకందరికీ జ్ఞాపకమే. వరద మన ఊరిదాకా రాలేదు గానీ వానలు మాత్రం వదల్లేదు. కంప్యూటరు గది కప్పు కారడం మొదలైంది. మాస్టారు మా పదో తరగతి వాళ్లను నలుగురిని పిలిచి, రెండు కంప్యూటర్లనూ ఆఫీసు పక్క గదికి మార్పించారు. మర్నాడు వాటిలో ఒకటి "బూ" అంది. అంతే, మరి ఆగలేదు. తెర మీద ఏమీ లేదు. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే "బూ..." అలా మోగుతూనే ఉంది.

హెడ్మాస్టరు గారు వచ్చారు. "ఎవడు ముట్టుకున్నాడు?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. మా తరగతిలో ఒకడికి తండ్రిది రేడియో రిపేరు కొట్టు. వాడి జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. పేరు రాయను, మా బ్యాచ్ వాళ్లకు రాయక్కర్లేదు. వాడు ముందుకొచ్చి, "సార్, లోపల ఏదో వదులైనట్టుందండి. గది మార్చేటప్పుడు కుదుపుకి కదిలుంటుందండి. మూత తీసి చూస్తే తెలుస్తుందండి" అన్నాడు. ఆ మాటే వాడి కొంప ముంచింది. మూత తీయడం గురించి మాట్లాడాడంటే ముందే తీసి ఉంటాడని అందరూ అనుకున్నారు. జేబులో స్క్రూడ్రైవరు దొరికింది. ఇంకేం సాక్ష్యం కావాలి? వాణ్ణి కంప్యూటరు క్లాసు నుంచి తీసేశారు. తండ్రిని పిలిపించారు. కొట్టు కట్టేసి వచ్చిన ఆ పెద్దమనిషి వరండాలో చేతులు కట్టుకుని నిలబడటం నేను కళ్లారా చూశాను.

ఐదారు వారాలకు రిసోర్స్ సెంటరు నుంచి ఇంజనీరు వచ్చాడు. మరలు విప్పి, మూత తీసి, సాకెట్లలో ఉన్న చిప్పుల్ని బొటనవేలితో ఒక్కొక్కటే గట్టిగా నొక్కాడు. స్విచ్చి వేశాడు. "బూ-బీప్." మొత్తం పది నిమిషాల పని. "షిఫ్టింగ్‌లో కదిలిందండి, ఏం కాలేదు" అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. ఏమీ కాలేదన్న సంగతి మా వాడికి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ "బూ" అర్థం

ఆ కూతకు అర్థం నాకు చాలా ఏళ్ల తర్వాత, ఇంజనీరింగు చదివేటప్పుడు తెలిసింది. బీబీసీ మైక్రోలో శబ్దానికి విడిగా ఒక చిప్పు ఉంటుంది. కరెంటు అందగానే, ఎవరూ చెప్పకుండానే, అది కూయడం మొదలుపెడుతుంది. దాని స్వభావమే అంత. ప్రాసెసరు లేచి, శాశ్వత జ్ఞాపకంలో, అంటే రామ్‌లో కాకుండా రోమ్‌లో రాసి ఉన్న ఆదేశాలు చదువుతూ, తొలి పనుల్లో ఒకటిగా ఆ శబ్దాన్ని ఆపుతుంది. మిగతా పనులు చక్కబెట్టుకుని, "నేను సిద్ధం" అని తనే ఒక "బీప్" కొడుతుంది.

మన భాషలో చెప్పాలంటే, మాస్టారు రాకముందు క్లాసులో ఉండే గోల ఆ "బూ". మాస్టారు వచ్చి "సైలెన్స్" అనగానే అది ఆగుతుంది. తర్వాత ఆయన బల్ల మీద డస్టరుతో కొట్టే దెబ్బ ఆ "బీప్". గోల ఎంతకీ ఆగడం లేదంటే మాస్టారు క్లాసుకు రాలేదని అర్థం. అంటే ప్రాసెసరు తన మొదటి ఆదేశాన్ని చదవలేకపోతోంది. ఆదేశాలున్న రోమ్ చిప్పు సాకెట్లో వదులైతే సరిగ్గా ఇదే జరుగుతుంది. మా రేడియో కొట్టు మిత్రుడు మూత తీయకుండానే చెప్పింది అక్షరాలా నిజం. పదిహేనేళ్ల కుర్రాడు శబ్దం విని రోగం చెప్పాడు. మనం వాణ్ణి బయటకు పంపాం.

స్విచ్చిల కాలం

ఇంతకుముందు యంత్రాలు ఇలా కూసేవి కావు. 1960లలో, 70లలో వచ్చిన చిన్న కంప్యూటర్లకు ముందు పలక మీద వరసగా స్విచ్చిలూ దీపాలూ ఉండేవి. 1965 నాటి పీడీపీ-8 అయినా, 1975లో ఇంట్లో కూర్చుని బిగించుకునేలా వచ్చిన ఆల్టెయిర్ 8800 అయినా అంతే. కరెంటు పెట్టగానే యంత్రానికి ఏమీ తెలియదు. మొదటి కొన్ని ఆదేశాలను మనిషే స్విచ్చిలు పైకీ కిందకీ వేసి, ఒక్కొక్క అంకెగా లోపలికి ఎక్కించాలి. ఆ కాసిన్ని ఆదేశాలు టేపు నుంచి మిగతా ప్రోగ్రామును చదివించేవి. తన బూటు పట్టీలు తానే పట్టుకుని పైకి లేవడం అనే ఇంగ్లీషు సామెత నుంచి దీన్ని 'బూట్‌స్ట్రాప్' అన్నారు. ఇవాళ మనం "బూట్ అవడం లేదు" అంటున్న మాట అక్కడిదే.

మన తెలుగు నేలకూ ఆ కాలంతో సంబంధం ఉంది. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అందరూ ఈసీఐఎల్ అని పిలిచే సంస్థ, మొదలైంది. దాని నిర్మాత ఏ.ఎస్.రావు గారు. ఆయన పేరిట ఒక కాలనీయే ఉంది కదా. ట్రాంబేలో పుట్టిన టీడీసీ-12 కంప్యూటరు 1969లో వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ వరసలో తర్వాతి యంత్రాలను ఈసీఐఎల్ తయారుచేసింది.

స్విచ్చిల కాలంలో యంత్రం మొదలవకపోతే తెలుసుకునే దారి ఒక్కటే. దీపాల వరస చూసి, ఏ అంకె దగ్గర ఆగిందో లెక్కగట్టాలి. దానికి ఆ యంత్రాన్ని ఎరిగిన మనిషి కావాలి. ఇంట్లో, ఆఫీసులో, బడిలో కంప్యూటరు పెట్టాలంటే ఆ పద్ధతి కుదరదు. ఏం బాగా లేదో యంత్రమే చెప్పుకోవాలి.

హాజరు పట్టీ

ఆ పని పద్ధతిగా జరిగి లోకమంతా వ్యాపించింది ఐబీఎం పీసీతో. 1981 ఆగస్టు 12న దాన్ని ప్రకటించారు. మోడల్ నంబరు 5150. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో, డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం దాన్ని ఏడాది కాలంలో తయారుచేసింది. అందులోని రోమ్‌లో బయోస్ అనే ప్రోగ్రాము ఉండేది. ఆ పని చేసినవాళ్లలో డేవిడ్ బ్రాడ్లీ ఒకరు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కే ఉపాయం ఆయనదే.

స్విచ్చి వేయగానే ఆ బయోస్ ముందుగా ఒక పరీక్ష నడిపేది. దాని పేరు పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. పొట్టిగా పోస్ట్. ఉత్తరాల పోస్టుకూ దీనికీ సంబంధం లేదు. ఇది పొద్దున్నే తీసుకునే హాజరు లాంటిది. 8088 ప్రాసెసరు లేవగానే, తనకు అందే ఒక మెగాబైటు చిరునామాల్లో చివరికి సరిగ్గా 16 బైట్ల ముందున్న చోటికి వెళ్లి మొదటి ఆదేశం చదువుతుంది. అక్కడి నుంచి హాజరు మొదలు. ముందు ప్రాసెసరు తన్ను తాను చూసుకుంటుంది. తర్వాత రోమ్‌లో రాసి ఉన్నదాన్ని కూడి మొత్తం సరిపోయిందా అని చూస్తుంది. తర్వాత టైమరు, ఆపైన జ్ఞాపకంలో మొదటి 16 కిలోబైట్లు, ఆ తర్వాత తెరను నడిపే కార్డు, మిగిలిన జ్ఞాపకం, కీబోర్డు, ఫ్లాపీ డ్రైవు. అన్నీ పలికితే ఒక్క చిన్న బీప్.

ఈ వరసలోనే అసలు కీలకం ఉంది. తెర హాజరు మధ్యలో వస్తుంది. అంతకుముందు ఏది పోయినా తెర మీద రాసి చెప్పే వీలు లేదు, ఎందుకంటే తెర ఉందో లేదో యంత్రానికే ఇంకా తెలియదు. అందుకే తెరకు ముందు దొరికే తప్పులకు చిన్న స్పీకరు పెట్టారు. ఒక పొడుగు కూత, ఒక చిన్న కూత వస్తే మదర్‌బోర్డు. ఒక పొడుగు, రెండు చిన్నవి వస్తే తెర కార్డు. ఆగకుండా కూత, లేదా వరసగా చిన్న కూతలు వస్తే పవర్ సప్లై. అసలు శబ్దమే లేకపోతే కరెంటే అందలేదు, లేదా ప్రాసెసరు తొలి పరీక్షలోనే ఆగిపోయింది. ఏ శబ్దమూ లేకపోవడం కూడా ఒక సమాచారమే.

తెర వచ్చాక తప్పులు అంకెల్లో కనిపించేవి. 100లలో ఉంటే మదర్‌బోర్డు, 201 అంటే జ్ఞాపకం, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ, 1701 అంటే హార్డ్ డిస్కు. మా తరం మెకానిక్కులకు ఇవి ఎక్కాల్లా నోటికొచ్చేవి. కీబోర్డు విషయంలో ఒక తమాషా ఉండేది. తర్వాత వచ్చిన యంత్రాలు కొన్ని, కీబోర్డు కనిపించడం లేదు, ముందుకు వెళ్లాలంటే ఎఫ్1 మీట నొక్కండి అని చెప్పేవి. బడికి రానివాణ్ణి లేచి నిలబడి "రాలేదండి" అనమన్నట్టు.

జ్ఞాపకం పరీక్షకు చాలా సేపు పట్టేది. అందుకే బ్రాడ్లీ గారి మూడు మీటలూ నొక్కినప్పుడు, యంత్రం జ్ఞాపకంలో ఒక మూల 1234 అనే గుర్తు రాసిపెట్టుకునేది. మళ్లీ మొదలైనప్పుడు ఆ గుర్తు కనిపిస్తే, పొద్దున హాజరు తీసుకున్నాం కదా అని జ్ఞాపకం పరీక్ష మానేసేది. జ్ఞాపకానికి కాపలా కూడా ఉండేది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు చాలు. ఐబీఎం తొమ్మిదో చిప్పు కూడా పెట్టింది. ఆ తొమ్మిదోది మిగతా ఎనిమిదింటిలో తేడా వస్తే పట్టుకునే లెక్కల గుమాస్తా. తేడా రాగానే పారిటీ చెక్ అని తెర మీద వేసి యంత్రం ఆగిపోయేది. తప్పు లెక్కతో నడవడం కన్నా ఆగిపోవడం మేలని వాళ్ల నిర్ణయం.

ఒకే రోగానికి పది కూతలు

ఐబీఎం తన బయోస్ మొత్తాన్నీ సాంకేతిక పుస్తకంలో అచ్చువేసింది. చదవవచ్చు గానీ కాపీ కొట్టకూడదు. అలాంటి యంత్రమే తయారుచేయాలనుకున్న కంపెనీలు దీనికో దారి కనిపెట్టాయి. ఒక జట్టు బయోస్ చదివి అది ఏమేం చేస్తుందో మాత్రం రాస్తుంది. దాన్ని ఎన్నడూ చూడని రెండో జట్టు, ఆ రాతను బట్టి కొత్త ప్రోగ్రాము రాస్తుంది. 1982 చివర్లో ప్రకటించిన కాంపాక్ యంత్రానికి అలాగే చేశారు. 1984లో ఫీనిక్స్ కంపెనీ అలా రాసిన బయోస్‌ను కావాలన్న వాళ్లందరికీ అమ్మడం మొదలుపెట్టింది. అవార్డ్ అనే కంపెనీ వచ్చింది. 1985లో పాట్ శర్మ, సుబ్రమణియన్ శంకర్ కలిసి అమెరికన్ మెగాట్రెండ్స్ స్థాపించారు. మన దేశంలో బిగించిన కంప్యూటర్లు తెరిచినవాళ్లు ఏఎంఐ అన్న ఆ మూడక్షరాలు ఎన్నిసార్లు చూసి ఉంటారో.

దీనితో మెకానిక్కులకు కష్టం మొదలైంది. ఒక్కొక్కరి కూత ఒక్కో రకం. ఏఎంఐలో మూడు కూతలంటే మొదటి 64 కిలోబైట్ల జ్ఞాపకం. ఎనిమిదంటే తెర కార్డు జ్ఞాపకం. అవార్డ్‌లో తెర తేడాకు ఒక పొడుగు, రెండు చిన్న. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నోట్‌బుక్కు వెనుక అట్ట మీద ఈ పట్టీలన్నీ రాసుకున్నాను.

1984లో వచ్చిన ఐబీఎం ఏటీ మరో మంచి పని చేసింది. ప్రతి పరీక్షకూ ముందు దాని అంకెను 80 అనే పోర్టుకు పంపేది. రెండంకెలు వెలిగే చిన్న కార్డును బోర్డులో గుచ్చితే, హాజరు ఏ పేరు దగ్గర ఆగిందో అక్కడే కనిపిస్తుంది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్ల పక్క కొట్టులో మొదటి కార్డు కొన్న రోజు, డాక్టరు స్టెతస్కోపు కొనుక్కున్నంత సంబరపడ్డాను.

ఆ ఏటీతోనే బ్యాటరీ కూడా వచ్చింది. తేదీ, సమయం, ఏ డిస్కు ఉందన్న వివరాలు కరెంటు పోయినా మరవకుండా ఒక చిన్న చిప్పులో దాచి, బ్యాటరీతో కాపాడారు. బ్యాటరీ అయిపోతే యంత్రం తన ఊరు పేరు మరిచిపోతుంది. తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోయిందంటే రోగం సగం తెలిసిపోయినట్టే. ఇప్పుడు ఆ చోట ఉండేది సీఆర్2032 అనే మూడు వోల్టుల నాణెం బ్యాటరీ. కొత్త కంప్యూటరు కొనాలని నిర్ణయించుకున్న ఎన్ని ఆఫీసుల్ని ఆ నాణెం కాపాడిందో నాకు తెలుసు.

మొదటి ఆదేశమే పోతే

1990లలో బయోస్‌ను బోర్డు మీదే తిరగరాయగల ఫ్లాష్ చిప్పుల్లో పెట్టడం మొదలైంది. సౌకర్యమే. కానీ మనం రాయగలిగింది వైరస్ కూడా రాయగలదు. తైవాన్‌లో ఒక విద్యార్థి రాసిన సీఐహెచ్ అనే వైరస్ 1999 ఏప్రిల్ 26న నిద్ర లేచింది. డిస్కు మొదట్లో ఉన్నదంతా చెరిపేయడమే కాక, వీలైన చోట బయోస్‌ను కూడా చెరిపేసింది. అలాంటి యంత్రం స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది, అంతే. కూత లేదు, తెర లేదు. హాజరు తీసే మాస్టారే లేరు. అటువంటిదే ఇంకో బోర్డును మొదలుపెట్టి, నడుస్తుండగానే దాని బయోస్ చిప్పును మెల్లగా పీకి, చచ్చిన చిప్పును ఆ సాకెట్లో పెట్టి తిరిగి రాసేవాళ్లం. చేతులు వణికేవి. మా చేతికి వచ్చిన బోర్డుల్లో చాలావాటిని అలాగే బతికించాం.

2000 తర్వాత కొన్నేళ్లు మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు తల ఉబ్బి కారడం ఇంకో పెద్ద బెడద అయింది. దానికి ఏ కూతా లేదు. టార్చి వేసి కళ్లతో చూడాల్సిందే.

యంత్రం మొదలైతే చాలు, అన్నీ బాగున్నట్టే అని కూడా అనుకోకూడదు. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ మన బీబీసీ మైక్రో తయారుచేసిన ఏకార్న్‌లోనే ఉంది. దాని రూపకర్తలు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ తర్వాత ఏఆర్ఎం అనే ప్రాసెసరు రూపొందించారు. మొదటి చిప్పు 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. ఎంత కరెంటు తాగుతోందో కొలుద్దామని మీటరు పెడితే సున్నా చూపించింది. చూస్తే బోర్డులో ఆ చిప్పుకు కరెంటు ఇచ్చే తీగ అసలు కలపనే లేదు. మిగతా కాళ్ల గుండా కారుతున్న కాస్త కరెంటుతోనే అది నడిచేసింది! ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోన్లు నడిచేది ఆ వంశం ప్రాసెసర్లతోనే.

ఇప్పటి యంత్రాలు

2005లో యూఈఎఫ్ఐ ఫోరం ఏర్పడింది. పాత బయోస్ స్థానంలోకి మెల్లమెల్లగా యూఈఎఫ్ఐ వచ్చింది. స్పీకరు చాలా కేబినెట్లలో మాయమైంది. దాని బదులు బోర్డు మీద నాలుగు చిన్న దీపాలుంటాయి. ప్రాసెసరుకు ఒకటి, జ్ఞాపకానికి ఒకటి, తెరకు ఒకటి, డిస్కుకు ఒకటి. ఏది వెలిగి ఉండిపోతే హాజరు అక్కడ ఆగినట్టు. అరవై ఏళ్ల కిందటి దీపాల దగ్గరికే మళ్లీ వచ్చాం. కాకపోతే ఇప్పుడు వాటిని చదవడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. డీడీఆర్5 జ్ఞాపకం ఉన్న కొత్త కంప్యూటరు మొదటిసారి వేసినప్పుడు, కొన్ని నిమిషాలపాటు తెర నల్లగానే ఉండవచ్చు. అది జ్ఞాపకంతో సర్దుబాటు చేసుకుంటోంది. కంగారుపడి ఆపేయకండి.

పద్ధతి మాత్రం మారలేదు. ముందు ప్లగ్గు, స్విచ్చి, గోడలో కరెంటు చూడాలి. ప్లగ్గు పీకాకే మూత తీయాలి. లోపల చేయి పెట్టేముందు ఇనుప కేబినెట్‌ను ఒకసారి ముట్టుకోవాలి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకూడదు, ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. అక్కర్లేనివన్నీ తీసేసి, బోర్డు, ప్రాసెసరు, ఒక్క జ్ఞాపకం కడ్డీ మాత్రం ఉంచి వేయాలి. కడ్డీ అంచున బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో తుడిచి, టక్కుమనేదాకా నొక్కాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చి బాగైతే ఏది జబ్బో ఎప్పటికీ తెలియదు. అన్నిటికన్నా ముందు, ఎవరు ముట్టుకున్నారని అడగకుండా, యంత్రం ఎక్కడ ఆగింది అని అడగాలి.

నేను చెప్పని మాట

ఇప్పుడు అసలు ముడి. 1986లో ఆ యంత్రాన్ని ఆఫీసు పక్క గదికి మోసిన నలుగురిలో నేనొకణ్ణి. వానలో గుమ్మం తడిగా ఉంది. నా కాలు జారింది. పెట్టె మూల గడపకు గట్టిగా తగిలింది. కింద పడలేదు, చిన్న గీత కూడా పడలేదు. నాతోపాటు పట్టుకున్నవాడు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. మర్నాడు హెడ్మాస్టరు గారు "ఎవడు ముట్టుకున్నాడు?" అన్నప్పుడు నేను మూడో వరసలో నిలబడి ఉన్నాను. రేడియో కొట్టు మిత్రుడు "కుదుపుకి కదిలుంటుందండి" అన్నప్పుడు నా గుండె ఆగినంత పనైంది. వాణ్ణి బయటికి పంపినప్పుడూ నేను నోరు విప్పలేదు. వాళ్ల నాన్న వరండాలో నిలబడినప్పుడూ విప్పలేదు.

పదో తరగతి తర్వాత వాడు చదువు ఆపేశాడు. కంప్యూటరు క్లాసు వల్లే ఆపేశాడని నేను అనను, ఇంటి పరిస్థితులూ ఉన్నాయి. కానీ ఆ క్లాసులో అందరికన్నా చెవి బాగా పనిచేసినవాడు వాడు. ఇంజనీరయింది నేను.

కిందటి సంక్రాంతికి స్వర్ణోత్సవం పనుల మీద ఊరొచ్చినప్పుడు వాడి కొట్టుకు వెళ్లాను. నాన్నగారి రేడియోల చోట ఇప్పుడు టీవీ బోర్డులు, సెట్‌టాప్ బాక్సులు ఉన్నాయి. నేను జరిగిందంతా చెప్పాను. వాడు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గడపకా తగిలింది? నేను మెట్టు అనుకున్నాన్రా" అన్నాడు. ఇంకాసేపాగి, "మా నాన్న ఉన్నప్పుడు చెప్పుంటే బాగుండేది" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇది సంచికలో రాస్తానంటే, "రాయి. నా పేరు వద్దు, నీ తప్పు మాత్రం రాయి" అన్నాడు. రాశాను.

ఆ మర్నాడు ఇద్దరం బడికి వెళ్లాం. ఇప్పటి హెడ్మాస్టరు గారు స్టోరు రూము తాళం ఇచ్చారు. పనికిరావని పక్కన పడేసిన పదకొండు డెస్క్‌టాప్‌లున్నాయి. దుమ్ము దులిపి, పొద్దుపోయేదాకా కూర్చున్నాం. ఐదింటికి జ్ఞాపకం కడ్డీలు రబ్బరుతో తుడిస్తే సరిపోయింది. రెండింటికి నాణెం బ్యాటరీ మార్చాం. ఒకదానికి లోపలి పవర్ కేబులు వదులైంది. మిగతా మూడింటి బోర్డులు పోయాయి. వాటి విడిభాగాలు పనికొస్తాయి. మా వాడు ప్రతిదానికీ తన కొట్టు నుంచి తెచ్చిన చిన్న స్పీకరు తగిలించి విన్నాడు. ఎనిమిదోది లేచినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు కిటికీ దగ్గర గుమిగూడి ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి, "అంకుల్, మూడు సార్లు కూస్తే ఏంటి?" అని అడిగింది. వాడు నా వంక చూడకుండా, "లోపలికి రామ్మా, మూత తీసి చూపిస్తా" అన్నాడు.

మిత్రులకు ఒక మనవి. నెలకో ఆదివారం ఆ గదిలో మేమిద్దరం ఉంటాం. కంప్యూటరు తెలిసినవాళ్లు, తెలియకపోయినా స్క్రూడ్రైవరు పట్టుకోగలిగినవాళ్లు రండి. వచ్చేటప్పుడు పాత కడ్డీలుంటే తీసుకురండి.

(1987 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి)